సిగరెట్ మాన్పించే చీటీ రాయించుకోవడం: నా అనుభవం

సిగరెట్ మాన్పించే మాత్ర వారెనిక్లిన్ కోర్సు ఈ వారంతో పూర్తయింది. మాత్ర వేసుకోవడం తేలికే. మానే తారీఖు పెట్టుకోవడం కూడా తేలికే. కష్టమంతా ఆ మాత్ర రాయించుకోవడం దగ్గరే పడింది. వైజాగ్‌లో ఇంకెవరికైనా పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మొదట వెళ్లింది ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ ఓపీకి. పేరు రాయను. డాక్టరు గది తలుపు తెరిచే ఉంటుంది. లోపల ఒకరిని చూస్తుండగానే తర్వాతి వాళ్లని అదే గదిలో బెంచీ మీద కూర్చోబెడతారు. సిగరెట్ మానడానికి మందు కావాలన్నాను. ఆయన తలెత్తకుండానే "దానికి మందేంటండీ, రేపట్నించి మానేయండి" అన్నారు. వారెనిక్లిన్ పేరెత్తాను. "ఓహో, నెట్‌లో చూసొచ్చారా? అది వేసుకుంటే పిచ్చెక్కుతుంది" అని బెంచీ వైపు చూసి నవ్వారు. బెంచీ మీద ఒక పెద్దాయన అందుకుని, తన బావమరిది ముప్ఫై ఏళ్ల చుట్ట ఒక్కరోజులో మానేశాడని మొదలుపెట్టాడు. ఇంకొకావిడ "ఇంట్లో పిల్లలు లేరా బాబూ?" అంది. పేషెంటునని మరిచిపోయి అందరూ తీర్పులు చెబుతుంటే డాక్టరు గారు ఆపలేదు. చేతికొచ్చిన చీటీలో ఒక మల్టీవిటమిన్, ఒక గ్యాస్ మాత్ర. పైన 'స్మోకర్' అని రాసి, కింద రెండు గీతలు గట్టిగా కొట్టారు, పెన్ను కాగితం అవతలికి దిగింది. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

బీపీ ఉన్నవాణ్ణి ఏ డాక్టరైనా "మనసు గట్టి చేసుకో" అని ఉత్త చేతులతో పంపిస్తాడా? సిగరెట్‌లోని నికోటిన్ వెళ్లి అతుక్కోవడానికి మెదడులో రిసెప్టర్లున్నాయి. ఏళ్ల తరబడి తాగినవాడిలో వాటి సంఖ్య పెరుగుతుంది. అవి ఖాళీ అయినప్పుడల్లా చిరాకు, చెమట, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. వారెనిక్లిన్ వెళ్లి ఆ రిసెప్టర్లలోనే కూర్చుంటుంది, తాళంలో సగం వరకే తిరిగే చెవిలాగా. దానివల్ల తపన తగ్గుతుంది, మధ్యలో ఒకటి ముట్టించినా మజా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ మందును, సిగరెట్ మానడానికే ఇచ్చే బూప్రోపియాన్ అనే ఇంకో మందును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇక ఆ 'పిచ్చి' మాట. అమెరికాలో 2009లో ఈ డబ్బా మీద మానసిక ఇబ్బందుల గురించి పెద్ద హెచ్చరిక పెట్టించారు, నిజమే. ఎనిమిది వేల మందికి పైగా మీద పరీక్ష చేశాక 2016 డిసెంబరులో అదే హెచ్చరికను తీయించేశారు. మొదటి సగం చదివి రెండో సగం చదవని వాళ్లు మన ఓపీల్లో ఇంకా ఉన్నారు. వేసుకున్నాక మనసు బాగా కుంగినా, మనిషి తీరు మారినా మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలి. ఆ జాగ్రత్త ఎప్పుడూ ఉండాల్సిందే.

నా సలహా: జనరల్ ఓపీకి వెళ్లకండి. ఛాతీ డాక్టరు దగ్గరకో సైకియాట్రిస్టు దగ్గరకో వెళ్లండి, వాళ్లకి ఇది రాసే అలవాటుంటుంది. వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకి మొదటి సిగరెట్, రోజుకెన్ని, ఇదివరకు ఎప్పుడు మానారు, మళ్లీ ఎందుకు మొదలైంది, ఫిట్స్ వచ్చాయా, కిడ్నీ జబ్బుందా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు. లేచిన అయిదు నిమిషాల్లోపే ముట్టించేవాడికి అలవాటు బాగా ముదిరినట్టు లెక్క. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు కూడా పట్టుకెళ్లండి, ఎందుకంటే ఈ మందు కిడ్నీల ద్వారానే పోతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి డోసు సగానికి తగ్గిస్తారు. నేను తర్వాత చూపించుకున్న ఛాతీ డాక్టరు గారు ఆ కాగితం చదివి, రెండు ప్రశ్నలడిగి, అయిదు నిమిషాల్లో చీటీ రాసిచ్చారు.

చీటీ అయ్యాక మెడికల్ షాపు. కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి చుట్టూ మహారాణిపేటలో షాపులు వరసగా ఉన్నా ఈ మందు అన్నిచోట్లా ఉండదు, చెప్పి తెప్పించుకోవాలి. మొదటి వారానికి 0.5 మిల్లీగ్రాములవి 11 మాత్రలు కావాలి. మొదటి మూడు రోజులు రోజుకొకటి, నాలుగో రోజు నుంచి ఏడో రోజు వరకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండు పూటలా, పన్నెండు వారాలు నిండేదాకా. అంటే 1 మిల్లీగ్రామువి 154. ఒక షాపులో 0.5 లేవని, 1 మిల్లీగ్రాము స్ట్రిప్పు చేతిలో పెట్టి "ఇదే వేసేసుకోండి సార్, తొందరగా పనిచేస్తుంది" అన్నారు. తీసుకోకండి. డోసు మెల్లగా పెంచేది వికారం తగ్గడానికే.

మానే తారీఖు ఎనిమిదో రోజుకి పెట్టుకోవాలి. ఆ మొదటి వారం సిగరెట్ తాగొచ్చు. రుచి పడిపోవడం మీకే తెలుస్తుంది.

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది వికారం. ఖాళీ కడుపున టీతో మింగితే తిప్పడం ఖాయం. పోర్టులోనూ స్టీల్ ప్లాంటులోనూ పొద్దున్నే డ్యూటీ ఎక్కేవాళ్లకి ఇదే సమస్య. రెండు ఇడ్లీలైనా తిని, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. రాత్రి మాత్ర పడుకునేముందు కాకుండా భోజనం అవగానే వేసుకుంటే, సినిమాల్లాంటి కలలు కాస్త తగ్గుతాయి. మలబద్ధకానికి నీళ్లు, అరటిపండు. ఈ కోర్సులో ఉండగా మద్యం తాగితే మామూలు కంటే ఎక్కువ ఎక్కొచ్చు, కాబట్టి దానికి దూరంగా ఉండండి.

డాక్టర్లు చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ని తొందరగా కరిగించేస్తుంటుంది. పొగ ఆగగానే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. గుండెదడ, నిద్ర లేకపోవడం వస్తే జనం మాత్రని తిడతారు. కాఫీ, టీలు సగానికి తగ్గించి చూడండి. ఆయాసానికి డెరిఫిల్లిన్ వాడేవాళ్లకీ ఇదే లెక్క వర్తిస్తుంది. మానే ముందే డాక్టరుకి చెప్పి డోసు చూపించుకోవాలి.

బూప్రోపియాన్ రాస్తే పద్ధతి వేరు. 150 మిల్లీగ్రాములు మూడు రోజులు పొద్దున ఒకటి, తర్వాత రెండు పూటలా, మధ్యలో కనీసం ఎనిమిది గంటలు. నమలకూడదు, విరవకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇవ్వనే ఇవ్వరు.

మాత్ర తపనని తగ్గిస్తుంది గానీ చేతి అలవాటుని తీయలేదు. దానికి మనుషులు కావాలి. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే మా గుంపులో అందరూ మానినవాళ్లో, మానుతున్నవాళ్లో. జాలరిపేట నుంచి వచ్చే ఒకమ్మ అడ్డచుట్ట మానింది. వెలుగుతున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటది. మా ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో ఎంతమందికి అంగిట్లో తెల్లమచ్చలు, పుండ్లు, చివరికి క్యాన్సర్ తెచ్చిపెట్టిందో! ఆవిడ రోజూ అడిగేది ఒకటే మాట: "ఏటి బాబూ, రాత్రి ఎన్నిసార్లు లాగింది?" ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పలేం. తపన వచ్చినప్పుడు ఫోన్ చెయ్యడమే మా నియమం. మూడు నుంచి అయిదు నిమిషాలు మాట్లాడితే అది దిగిపోతుంది. కిళ్లీకొట్టు దగ్గర ఒంటరిగా నిలబడితే దిగదు. గుంపు దొరకనివాళ్లు సిగరెట్ ప్యాకెట్ మీద అచ్చేసే 1800-11-2356 నంబరుకి చెయ్యండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

కోర్సు అయ్యాక సిగరెట్ ఆగిపోయినవాళ్లకి కూడా, మళ్లీ జారకుండా ఇంకో పన్నెండు వారాలు పొడిగించమని అడిగే వీలుంది. నాకు అలాగే రాశారు. ఈసారి స్ట్రిప్పులు ముందే తెప్పించి పెట్టుకున్నాను. మా గుంపులో కొత్తగా చేరిన తమ్ముడు అందులోంచి నాలుగు మాత్రలిమ్మని అడిగాడు. ఇవ్వలేదు. అతని క్రియాటినిన్ ఎంతో నాకు తెలియదు, ఫిట్స్ సంగతీ తెలియదు. సోమవారం ఛాతీ ఓపీకి నేనే వెంట తీసుకెళ్తున్నాను.