జానెడు మీద నాలుగు వేళ్ళు

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు తాత ఫోన్ చేశాడు. "పాపా, వాన బాగా దంచింది. పొద్దున్నే రా, చూద్దువు" అన్నాడు. ఆయన నాకు చుట్టమేమీ కాడు. అనంతపురం జిల్లాలో మేము సెన్సర్లు పాతుకున్న చేను ఆయనది. ఆరేళ్ళుగా వచ్చిపోతూ ఉండేసరికి తాత అయిపోయాడు.

ఏడు గంటలకల్లా చేలో ఉన్నాను. వానమాపకంలో 40 మిల్లీమీటర్లు ఉంది. తాత దాని వంక చూడలేదు. పార తీసుకుని మెరక మీద ఒకచోట నేలను నిలువుగా కోశాడు. గోడలా తేలిన మట్టిని అరచేత్తో మెల్లగా తుడిచాడు. పైన ముదురు ఎరుపు, కింద వెలిసిపోయిన ఎరుపు. రెండింటి మధ్య గీత గీసినట్టు ఉంది. పైనుంచి ఆ గీత దాకా చెయ్యి పరిచి కొలిచి, "జానెడు మీద నాలుగు వేళ్ళు" అన్నాడు.

ఏం పని చేస్తావని సిటీలో అడిగితే మట్టిలో తేమ కొలుస్తానని చెబుతాను. ఊళ్ళో దానికి మా సైన్సు పుట్టకముందే పేరుంది, పదును అని. వాన ఎంత పడిందన్నది మాకు మొదటి ప్రశ్న. రైతుకు మాత్రం పదును ఎంత దిగిందన్నదే ప్రశ్న. నా చదువంతా ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం గురించే అని ఇప్పుడు అనిపిస్తుంది.

తాత కొలతను నేను లెక్కతో సరిచూసుకున్నాను. వేసవిలో ఎండిపోయిన ఆ ఎర్ర నేలలో వంద గ్రాముల మట్టికి ఐదు గ్రాముల నీళ్ళుంటాయి. తడిసి, అదనపు నీళ్ళు జారిపోయాక పద్నాలుగు గ్రాముల దాకా నిలబడతాయి. ఒక ఘనపు సెంటీమీటరు మట్టి ఎండినప్పుడు గ్రామున్నర తూగుతుంది. వీటితో లెక్కేస్తే 40 మిల్లీమీటర్ల వాన 30 సెంటీమీటర్లలోపే పూర్తిగా ఖర్చయిపోతుంది. జానెడు మీద నాలుగు వేళ్ళు కూడా అంతే. పడ్డ నీళ్ళు లోతు దాకా పలచగా పరుచుకోవు. పై పొర తన దాహం తీరాకే కింది పొరకు వదులుతుంది. అందుకే అంత స్పష్టంగా ఆ గీత కనపడుతుంది.

నీరు పల్లమెరుగు అంటారు. నేల మీద పారే నీళ్ళకు అది నిజం. మట్టిలో ఇంకిన నీళ్ళకు పల్లం కన్నా ఎండిన చోటు ముందు తెలుస్తుంది. తడి ఉన్న దగ్గర నుంచి పొడి ఉన్న దగ్గరకు పోతాయి, అది పక్కనున్నా, పైనున్నా. వాన వెలిశాక రెండు రోజులు ఎండ కాస్తే పైమట్టి ఎండి, కింది పదునును సన్నటి సందుల్లోంచి పైకి లాక్కుంటుంది. రైతులు గుంటక తోలి పైమట్టిని వదులు చేసేది కలుపు కోసమే అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ సన్నటి సందులు తెగితే నీళ్ళు పైకి ఎక్కే దారి కూడా తెగిపోతుంది. దీనికి సమీకరణాలు నేను పీజీలో చదివాను. తాత ఎడ్ల వెనక నడిచి నేర్చుకున్నాడు.

ఈ చేను మెరక నుంచి పల్లానికి నాలుగొందల మీటర్లుంటుంది. పైన ఎర్ర చెలక, దిగువన నల్లరేగడి. ఆ నల్ల నేలే నన్ను ఒకసారి పెద్ద పొరపాటు దాకా తీసుకెళ్ళింది. మా సెన్సర్లు మట్టికుండే విద్యుత్ గుణాన్ని బట్టి తేమను లెక్కగడతాయి. ఆ గుణం విలువ నీటికి 80, ఎండు మట్టికి నాలుగు చుట్టుపక్కల, గాలికి 1. ఒక ఏడాది తొలకరి రోజు, 60 సెంటీమీటర్ల లోతున్న సెన్సర్ గంటలోపే తడి చూపించింది. రేగడి ఇంత త్వరగా నీళ్ళు తాగుతుందా అని సంబరపడి, రెండు పేజీలు రాసేశాను కూడా. తరవాత తవ్వి చూస్తే, ఎండకు నేల ముడుచుకుని సెన్సర్ పక్కనే నెర్రె విచ్చింది. అంతకుముందు అది కొలిచింది గాలిని. వాన రోజు కొలిచింది నెర్రెలోకి దూకిన నీళ్ళను. చుట్టూ ఉన్న మట్టి పొడిగానే ఉంది. ఆ రెండు పేజీలు కొట్టేసి, ఆ రాత్రంతా నిద్రపోలేదు. అంతకుముందు ఏడాది లెక్కలు కూడా ఇలాగే తప్పేమో అని టెన్షన్.

ఆ తరవాత రంగునీళ్ళతో పరీక్ష చేశాం. తినే పదార్థాల్లో కలిపే నీలం రంగును నీళ్ళలో కలిపి, ఒక మీటరు చదరంలో చల్లి, మర్నాడు నిలువుగా కోశాం. నల్ల నేలలో నీలం నెర్రెల గోడలు పట్టుకుని మీటరు లోతుకు పోయింది. గడ్డల లోపల చుక్క రంగు లేదు. ఎర్ర నేలలో జానెడు దాకా సమంగా పాకి ఆగింది, ఒక్కచోట తప్ప. అక్కడ ఎప్పుడో కొట్టేసిన చెట్టు వేరు కుళ్ళిపోయి వదిలిన బొక్క ఉంది. చిటికెన వేలంత. అందులోంచి నీలం కింది మొరం దాకా దిగిపోయింది. చెట్టు పోయినా అది చేసిన దారి నీళ్ళకు మిగిలింది. ఆ కోత ముందు ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు.

చెరువు సంగతి కూడా పదును చేతిలోనే ఉంది. రెండేళ్ళ కిందట జూలైలో ఒకే రోజు 60 మిల్లీమీటర్లు కురిసినా చెరువులోకి పాయ కూడా రాలేదు. సెప్టెంబరులో అంతకన్నా తక్కువ వానకే వాగు పారింది. అప్పటికి నేల కడుపు నిండి ఉంది. ఎర్ర మట్టి కింద గట్టి బంకపొర ఉంటుంది. దాని మీద నిలిచిన నీళ్ళు వాలు వెంట పక్కకు జరుగుతూ పల్లంలో జాలుగా బయటికొస్తాయి. జాలు పడే చోటేదో ఊళ్ళో అందరికీ తెలుసు. వాన లెక్క ఒక్కటే చూసి చెరువు నిండుతుందని చెప్పేవాళ్ళతో నాకు ఇందుకే పేచీ. ముందు నేల ఎంత ఎండి ఉందో చూడాలి.

పైనుంచి చూసే కళ్ళూ ఉన్నాయి. నాసా 2015 జనవరిలో స్మాప్ అనే ఉపగ్రహాన్ని పంపింది. కొన్ని నెలలకే దాని రాడార్ ఆగిపోయింది. మిగిలిన పరికరం 36 కిలోమీటర్ల గడిగా మట్టి తేమ చెబుతుంది. అంత గడిలో తాత చేను ఏ మూల? నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. దాని రాడార్ ఇంకా చాలా వివరంగా చూస్తుంది. ఆ సమాచారం కోసం ఎంతో ఆశగా ఉన్నాను. అయినా ఈ ఉపగ్రహాలకు నేరుగా అందేది పైనున్న సుమారు ఐదు సెంటీమీటర్ల తేమ. శెనక్కాయ వేరు దానికి దిగువన వెతుక్కుంటుంది. ఆ కిందిది చెప్పాలంటే ఎవరో ఒకరు గుంత తవ్వాల్సిందే.

పోయినేడు తాత జానెడులోపు పదునుకే విత్తాడు. మొలక వచ్చింది, తరవాత పద్దెనిమిది రోజులు వాన లేదు. సాళ్ళలో మాడిన మొలకల్ని చూపించి ఏమీ అనలేదు. విత్తనాలు అప్పు తెచ్చినవి.

ఈ పొద్దు ఆయన మళ్ళీ మళ్ళీ కొలిచాడు. నాలుగు చోట్ల కోశాడు. నేను ప్రతిచోటా డబ్బాల్లో మట్టి నింపి, ఆవిరి పోకుండా టేపు చుట్టాను. వాటిని తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజంతా ఎండబెట్టి మళ్ళీ తూయాలి. "రేపటికి గానీ నా లెక్క రాదు తాతా" అన్నాను. మట్టి పిడికిట్లో ముద్ద చేసి బొటనవేలితో నొక్కాడు. చిట్లింది, వేలికి అంటలేదు. రేపు పొద్దున విత్తడానికి గొర్రు కడతానన్నాడు. కాస్త ఆగి అడిగాడు: "నీ వైర్లు ఎంత లోతులో ఉండాయి పాపా? గొర్రు తగుల్తాదేమో."

జానెడు లోతులో ఉన్నాయని చెప్పాను. గొర్రు ఐదు వేళ్ళ లోతుకు మించి దిగదన్నాడు. అయినా గట్టున వేపకొమ్మ విరుచుకొచ్చి, వైరు పోయిన దారి పొడుగునా ఇద్దరం రెమ్మలు గుచ్చుకుంటూ పోయాం.