బ్యాగుల దగ్గర ఎవరుంటారు?

తెలుగువాళ్లు నలుగురు కలిసి బయలుదేరినా నలభై మంది బయలుదేరినా, దారిలో ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. రైల్వే స్టేషన్‌లో టీ తాగడానికి లేచేటప్పుడు, పెళ్లింట్లో బంతికి పిలిచినప్పుడు, బీచిలో పిల్లలు నీళ్లలోకి పరిగెత్తేటప్పుడు ఎవరో ఒకరు అంటారు, “మరి బ్యాగుల దగ్గర ఎవరుంటారు?” అని. అందరినీ అడిగినట్టే ఉంటుంది గానీ జవాబు ముందే ఖాయమైపోయి ఉంటుంది. అమ్మమ్మో నాయనమ్మో ఉంటారు, వాళ్లు రాకపోతే కోడలు ఉంటుంది. బావగారు ఉన్నట్టు నేనైతే ఎప్పుడూ చూడలేదు.

మేముండేది ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో. ఇక్కడి పిల్లలకు వేసవి అంటే సాండస్కీలోని సీడర్ పాయింట్. మాకు కారులో రెండు గంటల దారి. ఈరీ సరస్సులోకి చొచ్చుకుపోయిన సన్నటి నేలమీద 1870లో మొదలైన వినోదాల పార్కు అది. దగ్గరికి వస్తుంటే నీళ్ల అవతల రోలర్ కోస్టర్ల పట్టాలే ముందు కనిపిస్తాయి. 2000లో వచ్చిన మిలేనియం ఫోర్స్ అనే కోస్టర్ ఎత్తు 310 అడుగులు, వేగం గంటకు 93 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 150 కిలోమీటర్లు. పోయిన వేసవిలో మా అత్తయ్య ఖమ్మం నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడనూ తీసుకుని వెళ్లాం.

ఆవిడ చేతిసంచి గురించి చెప్పాలి. పాస్‌పోర్టు అందులోనే ఉంటుంది, ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పదు. బీపీ మాత్రలు, అమృతాంజనం సీసా, తువ్వాలు, ఎప్పటికైనా పనికొస్తాయని మడిచి పెట్టిన ప్లాస్టిక్ కవర్లు, మంచినీళ్లు, మనవలకు చేగోడీలు. బయటి తిండి లోపలికి తేకూడదన్నది పార్కు నియమం. అందుకే పులిహోర డబ్బా కారు డిక్కీలోనే ఉంచాం, మధ్యాహ్నం వచ్చి తిని మళ్లీ లోపలికి వెళ్లాం. చేగోడీలు మాత్రం అత్తయ్య దృష్టిలో తిండి కిందికి రావు. గేటు దగ్గర సంచి తనిఖీ చేసిన కుర్రాడికీ అలాగే తోచినట్టుంది.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. దాని స్నేహితురాళ్లు ఇలాంటి చోటికి ఎలా వస్తారో అది మాకు ముందే చెప్పింది: జిప్పున్న జేబులో ఒక ఫోను, ఒక కార్డు, అంతే. మేమేమో పెద్దవీ చిన్నవీ కలిపి మనిషికొక సంచితో దిగాం. రైడ్‌ల దగ్గర లాకర్లు అద్దెకు దొరుకుతాయి. మా ఆయన బోర్డు మీది అద్దె చూసి, “అమ్మ ఎలాగూ ఎక్కదు కదా, లాకరు దేనికి?” అన్నారు. లెక్కగా చూస్తే నిజమే. ఆ లెక్క ప్రకారమే అత్తయ్య పొద్దుటి నుంచి ఒక బెంచీ మీంచి ఇంకో బెంచీ మీదికి మారుతూ, ఒళ్లో రెండు సంచులు, కాళ్ల దగ్గర రెండు సంచులు పెట్టుకుని కూర్చున్నారు.

అడగాల్సిన మాట అమ్మాయే అడిగింది. “నాయనమ్మకు కూడా టికెట్ కొన్నాం కదా. బెంచీ మీద కూర్చోవడానికి టికెట్ ఎందుకు?”

దానికి నా దగ్గర జవాబు లేదు, మా ఆయన దగ్గర అంతకంటే లేదు. లాకరు తీసుకున్నాం.

అసలు కోస్టర్ రైలు మీదికి సంచి ఎందుకు తేకూడదో మా అబ్బాయికి వివరించాల్సి వచ్చింది. వాడికి పదకొండేళ్లు. నియమం చెబితే వాదిస్తాడు, కారణం చెబితే ఊరుకుంటాడు. రైలు శిఖరం దాటి కిందికి దూకేటప్పుడు సీటు మీంచి లేచినట్టు అనిపిస్తుంది. నిజానికి మనం లేవడం కాదు, మనకంటే ముందు మన కింది సీటు కిందికి జారిపోతుంది. తొడల మీద బిగించిన కడ్డీ మనల్ని పట్టుకుని రైలుతోపాటు లాక్కుపోతుంది. పై జేబులోని ఫోనును పట్టుకునే కడ్డీ ఏదీ ఉండదు కాబట్టి అది తన దారిన తాను పోతుంది. గంటకు వంద మైళ్లకు దగ్గరగా పోయే రైలు నుంచి ఒక ఫోను జారితే, వెనక సీటువాళ్ల ముఖానికి తగలవచ్చు, కింద నడిచే వాళ్ల తల మీద పడవచ్చు. ఇదే పార్కులో 2018లో తెరిచిన స్టీల్ వెంజియన్స్ కోస్టర్‌లో అలా సీటు మీంచి తేలే క్షణాలన్నీ కలిపితే 27.2 సెకన్లని పార్కువాళ్లే గొప్పగా చెప్పుకున్నారు. ఆ వేసవి పూర్తికాకముందే, ఫోనుతో ఆ రైడ్ వరుసలో కూడా నిలబడకూడదని నియమం పెట్టారు. ఇలాంటి నియమాలు ఏటేటా మారుతుంటాయి. కొన్నిచోట్ల ప్లాట్‌ఫారం మీదే సామాను పెట్టుకునే గూళ్లు ఉంటాయి, కొన్నిచోట్ల సీటు ముందు వల సంచి ఉంటుంది, కొన్నిచోట్ల లాకరు తప్ప గతి లేదు. బయలుదేరే ముందే పార్కు యాప్‌లో చూసుకుంటే వరుస చివరిదాకా వెళ్లి వెనక్కి రావాల్సిన బాధ తప్పుతుంది.

ఇంకో సంగతి పిల్లలకు కాస్త గట్టిగానే చెప్పాను. 2015 ఆగస్టులో ఈ పార్కులోనే, పడిపోయిన వస్తువు కోసం కంచె దాటి రాప్టర్ కోస్టర్ కిందికి వెళ్లిన ఒకాయన రైలు తగిలి చనిపోయారు. రాప్టర్‌లో జనం కాళ్లు పట్టాల కింద వేలాడుతూ వస్తాయి. పైన ఉన్నవాళ్లకు కింద మనిషి ఉన్నాడని తెలిసే వీలు లేదు, తెలిసినా రైలు ఆగదు. ఫోను పడితే పడనివ్వండి, టోపీ పోతే పోనివ్వండి. అక్కడి పనివాళ్లకు చెప్పి రావడమే మన పని. ఏ వస్తువూ పారేయకూడదని పెంచిన ఇళ్లలోంచి వచ్చిన మనకు, “పోతే పోనీ” అని పిల్లలకు నేర్పడం అంత సులువేమీ కాదు.

మెడలోవి ఎక్కడ పెట్టాలన్నది నా సమస్య. అన్నీ లాకరులో పెట్టగలను, సూత్రాలు పెట్టలేను. అత్తయ్య గొలుసుకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుంటాయి. అందులోంచి ఒకటి తీసి నల్లపూసలను నా చొక్కా లోపలి అంచుకు గుచ్చబోయారు. అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. “ఆ వేగంలో అది ఊడి మెడలో గుచ్చుకుంటే?” ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి నేను కంఠం దాకా వచ్చే బిగుతు బనియను కొనుక్కున్నాను. గొలుసు దాని లోపలే ఉంటుంది, పిన్నీసు అక్కర్లేదు. కళ్లజోడుకు వెనక పట్టీ ఉంటే చాలు. కాళ్లకు మాత్రం మడమ దగ్గర పట్టీ లేని చెప్పులు వద్దు.

ఆ తరువాత శీతకాలం సెలవుల్లో ఓర్లాండో వెళ్లాం, అత్తయ్య ఇంకా మాతోనే ఉన్నారు. అక్కడ యూనివర్సల్ వాళ్ల పార్కు ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో 2021లో వచ్చిన వెలోసికోస్టర్ దగ్గర చిల్లర నాణేలు కూడా ఉంచుకోనివ్వరు, విమానాశ్రయంలోలాగే లోహాలను పట్టే యంత్రం దాటాలి. కానీ లాకరుకు డబ్బు తీసుకోరు. దాన్ని గోడలో రెండు వైపులా తెరుచుకునేలా కట్టారు. వరుసలో ఇటువైపు నుంచి సామాను పెట్టి వెళ్తే, దిగి వచ్చాక అటువైపు నుంచి తీసుకోవచ్చు. డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2023లో తెరిచిన ట్రాన్ కోస్టర్ దగ్గరా ఇదే ఏర్పాటు. అబ్బాయి ఇదంతా వర్ణించి చెబితే అత్తయ్యకు ఏమీ వింతగా అనిపించలేదు. “అలిపిరిలో సంచి ఇచ్చి కొండమీద తీసుకున్నట్టేగా” అన్నారు.

అవును, అచ్చం అంతే. మెట్లెక్కే వాళ్ల సామాను దేవస్థానం వాళ్లు రుసుము లేకుండా పైకి చేరుస్తారు, చీటీ చూపించి తెచ్చుకుంటాం. పిల్లలిద్దరూ మాతో 3,550 మెట్లూ ఎక్కినవాళ్లే కాబట్టి వాళ్లకూ వెంటనే అర్థమైంది. నాకు మాత్రం ఇంకో విషయం తట్టింది. అలిపిరిలో “బ్యాగుల దగ్గర ఎవరుంటారు” అని ఎవరూ అడగరు. దర్శనం అందరికీ కావాలని మనం ఒప్పుకున్నాం. అందుకే అందరి చేతులూ ఖాళీ అయ్యే ఏర్పాటు చేసుకున్నాం. ఆటపాటలు అరవై దాటిన ఆడమనిషికి కూడా కావచ్చునన్నది మన లెక్కలోకి ఇంకా రాలేదు.

ఇంతవరకు ఇది అత్తయ్య కథ. సాండస్కీలో లాకరు తలుపు పడిన క్షణంలో నేను చూడని సంగతి ఇంకొకటి బయటపడింది. అంతకుముందు పెద్ద కోస్టర్ వచ్చినప్పుడల్లా మా అబ్బాయి, “నాయనమ్మ ఒక్కతే ఉంది, నేను బ్యాగుల దగ్గర ఉంటాను” అనేవాడు. అత్తయ్య మురిసిపోయి తల నిమిరేవారు. నేనూ, అమెరికాలో పుట్టినా ఎంత బుద్ధిగా పెరుగుతున్నాడో అనుకున్నాను. సంచులన్నీ లోపలికి పోయి తాళం పడ్డాక వాడి ముఖం చూశాను. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిక్కరు జేబుల్లో దోపాడు, మళ్లీ తీశాడు. తరువాత కడుపు నొప్పి అన్నాడు.

వాడికి భయం. ఇన్నాళ్లూ ఆ భయానికి మేమే మర్యాదగా ఒక ఉద్యోగం ఇచ్చి ఉంచాం.

మా నాన్నగారు గుర్తొచ్చారు. రాజమండ్రి రేవులో అందరం గోదావరిలో దిగితే ఆయన గట్టుమీద చెప్పులకు కాపలా కూర్చునేవారు. ఆయనకు నీళ్లంటే భయమని నా పెళ్లయ్యాక గానీ నాకు తెలియలేదు. మన ఇళ్లలో పిరికివాణ్ని పిరికివాడని ఎవరూ అనరు, చేతికి ఒక పని ఇస్తారు. అందులో చాలా దయ ఉంది. మా అమ్మాయి ఒప్పుకోదు. “భయమైతే భయమని చెప్పవచ్చు కదా, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు” అంటుంది. అనుకోరన్నది అబద్ధం. పదకొండేళ్ల మగపిల్లలు అనుకుంటారు, బడిలో వారం రోజులు ఏడిపిస్తారు. కానీ దాని మాటలో ఒకటి నిజమే. వరుసంతా నిలబడి, రైలు ఎదుటికి వచ్చాక మనసు మారినా, పెట్టెలోంచి అవతలికి దాటి బయటికి పోవచ్చు. గేటు దగ్గరున్న కుర్రవాళ్లు ఎందుకని అడగరు. చిన్నపిల్లలున్న వాళ్లకు డిస్నీలో, యూనివర్సల్‌లో ఇంకో సదుపాయం ఉంది. తల్లీ తండ్రీ ఒకరి తరువాత ఒకరు ఎక్కవచ్చు, రెండోవాళ్లు మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడనక్కర్లేదు. ఎక్కనివాళ్లు సంచి మోయాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.

అత్తయ్యకు బీపీ కాబట్టి కోస్టర్లు వద్దని బోర్డులే చెబుతున్నాయి. “మరి మీకేమైనా ఎక్కాలని ఉందా?” అని అడిగితే, అంతసేపూ నోరు మెదపని మనిషి వెంటనే చెయ్యి చూపించారు, సరస్సు పక్కనున్న జెయింట్ వీల్ వైపు. ఎప్పటి నుంచి చూస్తున్నారో దాన్ని. నేనూ ఆవిడా ఎక్కాం. తొట్టి పైకి లేస్తుంటే ఆవిడ ఎడమచెయ్యి అలవాటుగా ఒళ్లో సంచి కోసం తడుముకుంది. అది లేదని గుర్తొచ్చి పక్కనున్న కడ్డీ పట్టుకున్నారు. పైన ఆగినప్పుడు, “ఖమ్మంలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు మీ మామయ్య నన్ను ఎక్కనివ్వలేదు, పిల్లల్ని పట్టుకోమన్నారు” అన్నారు. కోపంగా కాదు, వార్త చెప్పినట్టు.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఇది. లాకరు అద్దె పెట్రోలు ఖర్చులాగే ముందే లెక్కలో ఉంటుంది. ఎక్కనివాళ్లు ఎక్కను అంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. మా ఆయన ఒక రైడ్ మానుకుని బెంచీ మీద కూర్చున్నారు, ఫోను చూసుకుంటూ ఆయన చాలా సుఖపడ్డట్టు కనిపించింది.

ఈ వేసవి మళ్లీ సీడర్ పాయింట్ వెళ్లాం. మిలేనియం ఫోర్స్ ముందుకు రాగానే అబ్బాయి ఆగిపోయాడు. అలవాటు కొద్దీ నేను నా సంచి వాడి వైపు చాచాను. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“నేను ఎక్కను. బ్యాగులు కూడా పట్టుకోను. ఐస్‌క్రీమ్ కొనుక్కుంటాను, పది డాలర్లివ్వు.”

ఇచ్చాను. చిల్లర తిరిగి రాలేదు.