స్కైరిమ్‌లో నా కత్తికి చార్జింగ్ ఎక్కడినుంచి వస్తోందంటే

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో చీకటి కోణం అంటే అందరూ విండ్‌హెల్మ్ అనే ఊరి సంగతే ఎత్తుతారు. బల్లి జాతి అర్గోనియన్లను ఊరి గోడ లోపలికి రానివ్వరు, రేవు దగ్గరే పని, అక్కడే పడక. ముదురు చర్మం ఎల్ఫులకేమో ఒక పాడుబడ్డ పేట. అదంతా కళ్లెదుటే ఉంటుంది కాబట్టి ఎవరికైనా కనిపిస్తుంది. నాకు ఈసారి ఒళ్లు జలదరించింది మాత్రం నా సంచిలో ఉన్న రాళ్లను చూసి.

ఆట 2011 నవంబర్‌లో వచ్చింది. నేను మొదట ఆడింది బాలాజీ కాలనీలో అద్దె గదిలో ఉన్నప్పుడు, ఒకడు ఆడుతుంటే ఇద్దరు వెనకాల నిలబడి సలహాలిచ్చేవాళ్లు, ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడబోతే చాలు “స్కిప్ కొట్రా” అని అరుపులు. ఈ మే నెలలో మళ్లీ ఎక్కించాను. తిరుపతి ఎండల్లో పగలు గడప దాటలేం, సాయంత్రమైతే సెలవుల రద్దీ. తొందరపెట్టేవాళ్లు లేరు కాబట్టి ఆటలో దొరికిన పుస్తకాలన్నీ తీరిగ్గా చదివాను.

ఆడనివాళ్ల కోసం చెప్తున్నా. కత్తికి నిప్పో పిడుగో మంత్రం ఎక్కించాలంటే సోల్ జెమ్, అంటే ఆత్మను బంధించే రాయి కావాలి. వాడుతున్నకొద్దీ మంత్రం తరిగిపోతుంది, గ్యాస్ బండ అయిపోతే ఇంకోటి తగిలించినట్టు ఇంకో రాయి వాడేయడమే. రాయి నిండాలంటే ఒక ప్రాణి మీద సోల్ ట్రాప్ మంత్రం వేసి, అది దిగేలోపు చంపాలి. తోడేలు ఆత్మ చిన్న రాయిలో పడుతుంది, మామత్ అనే బొచ్చు ఏనుగుదైతే గ్రాండ్ అనే పెద్ద రాయిలో. మనిషి ఆత్మకు మాత్రం నల్ల రాయి కావాలి, కానీ ఎంత బక్క బందిపోటుదైనా బలం మామత్ ఆత్మతో సమానం. లెక్క మీరే వేసుకోండి. మామత్‌ని కొట్టాలంటే దాన్ని కాసే రాక్షసుడు దుడ్డుకర్రతో మనల్ని ఆకాశానికి లేపుతాడు, బందిపోటయితే దారిలో తనే ఎదురొస్తాడు. అప్పట్లో మేమందరం వేసుకున్న లెక్క అదే. అలా మనిషి ఆత్మను రాయిలో పెట్టినా ఊళ్లో ఎవరూ ఏమీ అనరు, కాపలావాడు కూడా ఆపడు. దారిలో కోడిని చంపితే ఊరంతా మీదపడే ఆటలో!

ఆ ఆత్మ పని అయ్యాక ఎటు పోతుందో మొదటి ఆటలో ఎక్కడా చూపించరు. 2012లో వచ్చిన డాన్‌గార్డ్ అనే అదనపు భాగంలో చూపిస్తారు. సోల్ కెయిర్న్ అని ఒక లోకం, ఊదారంగు ఆకాశం, ఎండిన చెట్లు, సమాధులు. అక్కడికి పోవాలంటే నువ్వు వాంపైర్‌వి అయినా కావాలి, లేదా నీ ఆత్మలో కొంత ముక్కను ముందే రాయిలో పెట్టించుకోవాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. ఆ ముక్క తిరిగి దొరికేదాకా ప్రాణం, శక్తి అన్నీ తగ్గిపోయి ఉంటాయి. ఇన్నాళ్లూ మనం పక్కోడికి చేసిన పని ఒక్కసారి మన మీదే జరిగినట్టు, కాకపోతే మనకు వెనక్కి తెచ్చుకునే దారి ఉంది.

అక్కడ ఒక ఆత్మ ఉరుకుతూ ఉంటుంది. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అనే ఊసే లేదు, తన గుర్రం ఆర్వాక్ ఎక్కడో చిక్కుకుంది, దాన్ని కాపాడమని బతిమాలుతుంది. ఆ గుర్రం పుర్రె వెతికి తెచ్చిస్తే గుర్రాన్ని మనకే ఇచ్చేస్తుంది, పిలిస్తే నీలిమంటలతో వస్తుంది. పోయినసారి నేను గుర్రం కోసమే ఆ పని చేశాను. ఈసారి అక్కడ తిరుగుతున్న ఆత్మల్లో ఒక్కొక్కదాన్నీ చూస్తుంటే, వీళ్లలో నా పాత కత్తి తాలూకు వాళ్లు ఎందరో అనిపించింది.

ఫాల్మర్లనే గుడ్డి జీవాల సంగతి ఇంకా ఘోరం. ఒకప్పుడు వాళ్లు స్నో ఎల్ఫులు, నార్డులనే మనుషులతో యుద్ధంలో ఓడి, నేలకింద ఉండే డ్వెమర్లనే జాతి దగ్గర తలదాచుకున్నారు. ఆశ్రయానికి డ్వెమర్లు పెట్టిన షరతు, ఒక విషపు పుట్టగొడుగు తినాలని. దాంతో చూపు పోయింది, తర్వాత బానిసలయ్యారు, తరాలు గడిచేసరికి గుహల్లో పాకే జీవాలయ్యారు. మిగతా ఎల్ఫుల ఆత్మకు నల్ల రాయి కావాలి, ఫాల్మర్‌ది మాత్రం జంతువుల రాయిలోనే పడుతుంది. ఈ ముక్క నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, రాయి నిండినప్పుడు తెలిసింది. చూపు పోగొట్టి, ఆఖరికి ఆత్మను కూడా జంతువుల లెక్కలో వేశారన్నమాట.

ఇక అసలు విషయం. కథలో విలన్ ఆల్డుయిన్‌ని మనం ఎందుకు చంపుతాం? లోకాన్ని మింగుతాడని ఒకటి, వీరులు చచ్చాక పోయే సోవ్‌న్‌గార్డ్‌లో దూరి ఆత్మల్ని తింటున్నాడని ఇంకొకటి. అక్కడ పొగమంచులో దారి తప్పిన సైనికులు కనిపిస్తారు, చాలా దిగులుగా ఉంటుంది, సంగీతం కూడా అందుకు తగ్గట్టే. నేను మాత్రం అదే సీన్‌లోకి ఆత్మలు పోసిన కత్తి పట్టుకుని దిగాను, ఒక్కరైనా “ఆ కత్తేంది బాబూ?” అని అడగలేదు. రాసినవాళ్లకు ఈ పోలిక తెలియకుండా ఉంటుందని నేననుకోను. తెలిసే వదిలేశారు, నిలదీయకుండా సంచిలో ఒక వస్తువుగా, ధర రాసి పెట్టి వదిలేశారు. మంచి చెడుల మీద ఉపన్యాసాలిచ్చే ఆటలకంటే నాకు ఇదే నచ్చింది.

మదనపల్లి నుంచి వచ్చిన మా పిన్ని కొడుకుతో అంటే వాడు నవ్వాడు. “ఏందన్నా, బందిపోటును నరికితే తప్పు లేదు గానీ రాయిలో పెడితే తప్పా?” చంపితే వాడు పోవాల్సిన చోటికి పోతాడు, ఇందులో ఆ దారి కూడా మూసేస్తున్నాం కదరా అన్నాను. ఆత్మలు పట్టే అజూరా స్టార్ అనే నక్షత్రం దొరికే క్వెస్ట్‌లో మనుషుల ఆత్మలు పట్టే నల్ల నక్షత్రం వద్దని, తెల్లదే తీసుకున్నందుకు మాత్రం వాడు ఇంకా నన్ను క్షమించలేదు.

ప్రస్తుతానికి సోల్ ట్రాప్ పూర్తిగా మానేసి ఆడుతున్నా. మంత్రం లేని కత్తితో డ్రాగర్లనే లేచి తిరిగే శవాల ముందు నిలబడితే తెలుస్తుంది కష్టం. కమ్మరిపనికి ఆత్మలు అక్కర్లేదు కాబట్టి ఆయుధానికి పదును పెట్టుకుంటూ, మొక్కలు ఏరి విషాలు కాచుకుంటూ, మెల్లగా విల్లు పట్టాను. స్కైరిమ్‌లో ఏ వేషంతో మొదలుపెట్టినా చివరికి చాటునుంచి బాణాలు వేసేవాడిగానే తేలతారని అందరూ ఏడిపిస్తుంటారు, నాదీ అదే కథ అయింది.