కుడి దవడకు మళ్ళీ పని

మంగళవారం. పండగ సెలవులయ్యాయి, మళ్ళీ బడి.

పొద్దున ఉప్మాలో పల్లీలు కాస్త ఎక్కువే పడ్డాయి. మొదటి ముద్దని నాలుక ఎప్పట్లాగే ఎడమ దవడ కిందికి తోసేసింది. కుడివైపు కొత్త పన్ను వచ్చి కూర్చుందని దానికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. కావాలని ముద్దని కుడికి తిప్పి నమలడం మొదలుపెట్టాను. అంతలో బస్సు టైమ్ గుర్తొచ్చింది, ధ్యాస మళ్ళింది, ముద్ద మళ్ళీ ఎడమకే పోయింది. ప్లేటు కడిగేటప్పుడు గానీ తెలియలేదు, పల్లీలన్నీ అటే నమిలేశానని.

ఈ కొత్త పన్ను పెట్టించింది కింద కుడివైపు మొదటి దవడ పన్ను చోట. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చేది అది. అదీ పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుంది కదా అని చాలా ఇళ్ళలో పట్టించుకోరు. అది మళ్ళీ రాదు. నాది పుచ్చి, రూట్ కెనాల్ అయి, క్యాప్ పడి, చివరికి నిలువునా చీలింది. తీయించక తప్పలేదు. నవ్వితే కనపడే చోటు కాదు, ఆ ఖాళీతోనే కొన్నేళ్ళు గడిచిపోయాయి. ఈలోగా పై పన్ను ఆ ఖాళీలోకి కొంచెం దిగింది, వెనక పన్ను ముందుకి ఒరిగింది. ఎదురుగా ఏదీ తగలకపోతే పన్ను ఉన్నచోట ఉండదట. దసరా సెలవుల్లో ఆ ఖాళీలో, దవడ ఎముకలోకి టైటానియం స్క్రూ వేశారు, దాన్నే ఇంప్లాంట్ అంటారు. ఎముక దాన్ని పట్టుకునేదాకా మూడు నెలలు ఆగి, సంక్రాంతికి ముందు క్యాప్ బిగించారు.

క్యాప్ బిగించిన రోజు డాక్టరమ్మ పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి, "టక్ టక్‌మని కొరకండి మేడమ్, ఇప్పుడు పక్కకి జరపండి" అంటూ చాలాసేపు చూసింది. మిగతా పళ్ళ మీద నీలం మచ్చలు చిక్కగా పడ్డాయి, కొత్తదాని మీద పలచగా. అద్దంలో చూసి, ఇది సరిగా ఆనడం లేదేమో అన్నాను. కావాలనే అలా ఉంచానంది. మామూలు పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు, మధ్యలో సన్నటి నారపొర ఉంటుంది. గట్టిగా కొరికితే ఆ పొర నొక్కుకుని పన్ను వెంట్రుకవాసి లోపలికి దిగుతుంది. స్క్రూకి ఆ పొర లేదు, ఎముకలో బిగుసుకుపోయింది, దిగమన్నా దిగదు. అందుకని దీన్ని ఒక్క పిసరు తక్కువగా ఉంచితే, గట్టిగా కొరికినప్పుడు మిగతావి దిగి, అప్పుడు అన్నీ సమానంగా ఆనుతాయి. నేను లెక్కల టీచర్ని. ఫీజు సంగతి పక్కన పెడితే ఈ లెక్క నాకు బాగా నచ్చింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అందరి డబ్బాల్లోనూ పండగ అప్పాలే. సోషల్ మేడమ్ సకినాలు తెచ్చింది. నాలుగు చుట్లవి, పిండి కాస్త బిగువుగా పడ్డట్టుంది. ఇన్నేళ్ళూ సకినం అంటే చాయ్‌లో ముంచి మెత్తబడ్డాకే తినేదాన్ని. ఇవాళ బయటి చుట్టు విరిచి, ముక్కని కుడిపక్క పెట్టి దవడ దించాను. ఫట్‌మని కుడి చెవిలో మోగింది! పళ్ళ చప్పుడు ఎముకల్లోంచి కూడా చెవికి వెళుతుంది కదా, ఆ పక్క నుంచి ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. ఇంకో ముక్క, ఇంకోటి. వాము ఘాటు కూడా ఆ పక్క నుంచి వస్తుంటే కొత్తగా ఉంది. "ఏంది మేడమ్, కళ్ళు మూసుకుని తింటున్నరు?" అని అడిగారు. పన్నుని పరీక్షిస్తున్నానంటే నవ్వారు.

బలానికి లోటు లేదు, కబురే సరిగా రావడం లేదు. ఎడమ పంటి కింద ఒక్క నువ్వు గింజ పడ్డా తెలుస్తుంది. కుడివైపు పిండిలో పిండిగా నలిగిపోతుందే తప్ప తెలియదు. వెంట్రుక కంటే సన్నటి రేకుని కూడా మామూలు పళ్ళు పసిగడతాయట. అదంతా ఆ నారపొరలో ఉండే నరాల పని. పన్నుతో పాటు అదీ పోయింది. ఇప్పుడు స్పర్శ కొంత ఎముక నుంచి, కొంత కండరాల నుంచి, చిగురు నుంచి వస్తుంది, అదీ కాస్త మొద్దుగా.

ఇది బాగా తెలిసొచ్చింది మాత్రం చివరి పీరియడ్ తర్వాత. తొమ్మిదో తరగతి పిల్లలు రేగుపళ్ళు తెచ్చి గుప్పెడు చేతిలో పోశారు. ఎడమవైపు రేగుపండు తింటే, గింజ తగలగానే దవడ దానంతటదే ఆగుతుంది, మనం ఆలోచించే పనే లేదు. కుడివైపు అలా ఆగలేదు. కండని దాటి నేరుగా గింజ మీదికి దిగింది, టక్‌మంది. గుండె ఝల్లుమంది. నాలుకతో తడిమి చూసుకుంటే ఏమీ కాలేదు. బొక్కలు, చెరకు, ఐసు ముక్కలు దాని మీద పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది గానీ రేగుపళ్ళ సంగతి చెప్పలేదు. క్యాప్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైతే మళ్ళీ బిగించొచ్చు, క్యాప్ పెచ్చు లేస్తే మాత్రం కొత్తది చేయించాలి. మిగిలిన రేగుపళ్ళు ఎడమవైపే తిన్నాను.

బస్సులో ఫోన్ తీసి ఈ ఇంప్లాంట్ల కథ చదివాను. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే ఆయన 1952లో ఎముకలో రక్తం ఎలా తిరుగుతుందో చూడాలని కుందేలు కాలికి టైటానియం గొట్టం అమర్చాడట. పనయ్యాక తీయబోతే ఊడి రాలేదు, ఎముక పట్టేసింది. ఖరీదైన పరికరం పోయిందని మొదట తిట్టుకునే ఉంటాడు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడకి అదే టైటానియం స్క్రూలు వేశాడు. ఆ పేషెంటు గోస్టా లార్సన్ 2006లో చనిపోయేదాకా వాటితోనే తిన్నాడు. ఆ కుందేలు ఏమైందో మాత్రం నేను చదివినదాంట్లో లేదు.

రాత్రి జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. రొట్టెకి నమలడం తప్పదు కాబట్టి ఈసారి కాస్త శ్రద్ధగా కుడిపక్క నమిలాను. సగం రొట్టెకే చెవి కింద కండ లాగింది. ఇన్నాళ్ళూ పని లేక కూర్చుంది కదా. పైగా బుగ్గ లోపల కొరుక్కున్నాను కూడా. ఖాళీగా ఉన్నన్నాళ్ళూ బుగ్గ ఆ సందులోకి జరగడం అలవాటు చేసుకుంది, ఇప్పుడు పన్ను వచ్చినా పక్కకి తప్పుకోవడం లేదు. కొన్నాళ్ళకి సర్దుకుంటుందట. చిక్కుడు ఈనె ఒకటి కొత్త పన్నుకీ ముందు పన్నుకీ మధ్య ఇరుక్కుంది. ఈ పన్ను పుచ్చదు గానీ చుట్టూ చిగురు వాచి ఎముక కరగొచ్చు, శుభ్రం విషయంలో దీనికేమీ మినహాయింపు లేదు. సందుల్లోకి దూరే చిన్న బ్రష్షుతో తంటాలు పడి తీశాను.

అత్తమ్మ ఇదంతా చూస్తూ కూర్చుంది. ఆమె కట్టుడు పళ్ళలో కింది సెట్టు కదులుతుందని డబ్బాలో పడేసి, రొట్టెని పాలల్లో నానబెట్టుకుని తింది. తర్వాత చిన్న రోలు ముందేసుకుని వక్క దంచుతూ అడిగింది, "ఎంతయింది బిడ్డా ఆ పన్నుకు?"

ముప్పై వేలన్నాను.

"ఒక్క పన్నుకా! రెండు మేకలొచ్చేటియి గదా. నాకు ముప్పై రెండు పోయినయి. లెక్కజెయ్యి ఇగ."

తొమ్మిది లక్షల అరవై వేలు, అరవై నాలుగు మేకలు అన్నాను.

"మందయితది. మేపెటోడు గూడ గావాలె" అని దంచిన వక్క నోట్లో వేసుకుంది.