ఒక్క మడాకు, మూడు యూనిట్లు: నా నెట్ ప్రిపరేషన్

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కి చదువుతున్న మిత్రులందరికీ నమస్తే. నాకు మూడో ప్రయత్నంలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చింది. మొదటి రెండుసార్లూ దెబ్బ తిన్నది పార్ట్ సీలోనే. 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోటి 4 మార్కులు. 200లో సగం అక్కడే ఉంది, తప్పు రాస్తే పావు వంతు కోత కూడా.

నేను వెళ్ళిన కోచింగ్‌లో జీన్ రెగ్యులేషన్ ఒక సార్ చెప్పారు, మొక్కల స్ట్రెస్ ఫిజియాలజీ ఇంకొకరు చెప్పారు. మొక్కలు చేసుకునే మందు, విష పదార్థాలైన సెకండరీ మెటబొలైట్స్‌కి మాత్రం జిరాక్స్ నోట్సు ఇచ్చి ఇంట్లో చదువుకోమన్నారు. నేనూ మూడు నోటుబుక్కులు పెట్టుకుని మూడింటినీ విడివిడిగా బట్టీ పట్టాను. పార్ట్ సీ ప్రశ్నలు సరిగ్గా వాటిని కలిపే చోటే వస్తాయి.

రెండోసారి పోయాక ఇంటికొచ్చేశాను. మాది తాళ్ళరేవు దగ్గర. ఒకరోజు తెల్లవారుజామున మావయ్య పీతల వలలు తియ్యడానికి కోరంగి కాలవలోకి పడవ వేసుకెళ్తుంటే నేనూ ఎక్కాను. నీళ్ళ మీదికి వంగిన మడ (అవిసెన్నియా) కొమ్మ చేతికందింది. ఆకు మీద వేలు రాస్తే సన్నటి రవ్వలా గరుగ్గా తగిలింది. నాలిక్కి రాసుకుంటే ఉప్పు. పక్కనే ఉన్న ఉప్పు పొన్న చెట్టు ఆకు మీద ఏమీ లేదు, నున్నగా ఉంది. రెండూ ఒకే బురదలో పుట్టి ఒకే పోటు నీళ్ళు తాగినవే. ఉప్పు పొన్న ఉప్పుని వేరు దగ్గరే చాలామటుకు వడకట్టేస్తుంది. మడ కూడా వేరు దగ్గర వడకడుతుంది గానీ, దాటి లోపలికొచ్చిన ఉప్పుని ఆకుల్లోని గ్రంథుల గుండా బయటికి పంపేస్తుంది.

ఇంటికి రాగానే పాత క్యాలెండర్ చించి దాని వెనక ఒక మడాకు కణం గీశాను. సోడియం లోపలికి రాగానే కాల్షియం పెరుగుతుంది, దాన్ని ఎస్ఓఎస్3 అనే ప్రోటీన్ పట్టుకుని ఎస్ఓఎస్2 అనే కైనేజ్‌ని లేపుతుంది, అది పొర మీదున్న ఎస్ఓఎస్1 పంపుకి ఫాస్ఫేట్ తగిలిస్తే సోడియం బయటికి పోతుంది. ఈ వరస ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో తేలింది. మిగిలిన సోడియాన్ని ఎన్‌హెచ్ఎక్స్ అనే పంపు కణంలోని సంచి అయిన వాక్యువోల్‌లో దాచేస్తుంది. అప్పుడు సైటోప్లాజమ్‌లో నీళ్ళు నిలవాలంటే అక్కడా ఏదో ఒకటి కరిగి ఉండాలి కదా? మడ అందుకు గ్లైసిన్ బీటైన్ పోగేసుకుంటుంది. కోలిన్‌ని సీఎంఓ అనే ఎంజైమ్ బీటైన్ ఆల్డిహైడ్‌గా మారిస్తే, బీఏడీహెచ్ అనే ఇంకో ఎంజైమ్ దాన్ని గ్లైసిన్ బీటైన్ చేస్తుంది.

ఆ తర్వాత రోజుకో ప్రోటీన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇది లేకపోతే ఏమవుతుందని నన్ను నేనే అడిగేదాన్ని. ఎస్ఓఎస్3 లేని మొక్కలో ఎప్పుడూ మేల్కొనే ఉండే ఎస్ఓఎస్2 పెడితే? ఉప్పుని తట్టుకునే శక్తి కొంత తిరిగొస్తుంది. అదే ఎస్ఓఎస్1 లేని మొక్కలో పెడితే? పనిచేయించే కైనేజ్ ఉంది గానీ పనిచేసే పంపే లేదు. ఇలా రెండు వారాలు చేశాక ఎపిస్టాసిస్ (ఒక జీన్ ప్రభావం ఇంకో జీన్ మీద ఆధారపడటం) ప్రశ్నలంటే భయం పోయింది.

మందు పదార్థాల సంగతి కూడా ఆ పడవలోనే మొదలైంది. ఒక మలుపు దగ్గర మావయ్య, "అమ్మాయ్, తల దించు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అన్నాడు. ఆ పాలలో ఉండేవి డైటెర్పీన్లు, టెర్పీన్లనే సెకండరీ మెటబొలైట్లలో ఒక రకం. జిరాక్స్ నోట్సులో ఒక గీత కింద చచ్చిపడున్న టెర్పీన్లు నాకు అప్పుడు కళ్ళెదుట కనిపించాయి. ఒకినావా పరిశోధకులు మడ అడవుల్లోని ఇతర చెట్లలో చూసిన విషయం ఇంకా ముఖ్యం: బ్రుగియేరా, కాండేలియా మొక్కలకి ఉప్పు పెంచితే ట్రైటెర్పినాయిడ్లు పెరిగాయి. 2,3-ఆక్సిడోస్క్వాలీన్ అనే పదార్థం దగ్గర దారి చీలుతుంది. సైక్లోఆర్టెనాల్ సింథేజ్ అనే ఎంజైమ్ పట్టుకుంటే పొరలకి కావలసిన స్టెరాల్స్ వైపు, లూపియోల్ సింథేజ్ పట్టుకుంటే లూపియోల్ వైపు. వాపు తగ్గించే గుణం కోసం ఇంతమంది పరీక్షిస్తున్న లూపియోల్ ఇదే. ఏ జీన్ ఎంత పలుకుతుందన్నదాన్ని బట్టి దారి తేలుతుంది. మూడు యూనిట్లూ ఇక్కడ ఒకటైపోయాయి.

మొక్కల శాస్త్రవేత్త అజయ్ పరిడా గారి బృందం పని తప్పక చదవండి. మడ చెట్టులోని, స్ట్రెస్ వల్ల పుట్టే విష ఆక్సిజన్ని తగ్గించే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ జీన్‌ని పూసా బాస్మతి-1 వరిలో పెట్టి 2008లో ప్రచురించారు. 2021లో భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ వాళ్ళు ఇతరులతో కలిసి మడ జీనోమ్ మొత్తం ఇచ్చారు: 31 క్రోమోజోములు, 31,477 ప్రోటీన్ జీన్లు, వాటిలో ఉప్పుకి స్పందించేవి 3,246. ఒక్క జీన్ పెడితే చాలదా అని ఇంటర్వ్యూలో అడిగితే, జవాబు మొదలుపెట్టడానికి ఈ అంకె చాలు.

మొక్కల స్ట్రెస్ హార్మోన్ ఏబీఏ దారిని కూడా ఇలాగే గీయండి: పీవైఎల్ గ్రాహకం, దాని కింద బ్రేకు వేసే పీపీ2సీ, దాని కింద ఎస్ఎన్ఆర్కే2 అనే కైనేజ్. పీపీ2సీలు తీసేసిన మొక్క ఏబీఏకి మరీ ఎక్కువగా స్పందిస్తుంది. ఎస్ఎన్ఆర్కే2లు కూడా తీసేస్తే ఏమవుతుందో పుస్తకం తెరవకముందే కాగితం మీద రాసుకోండి.