టెక్సాస్‌లో క్వార్టర్ హార్స్ కొనడం, అమ్మడం: నా అనుభవం

డాలస్‌కి ఉత్తరాన ఆబ్రీ, పైలట్ పాయింట్ చుట్టూ ఎటు చూసినా గుర్రాల ఫారాలే. ఫ్రిస్కోలో ఉండే మన తెలుగువాళ్లకి కారులో పెద్ద దూరమేమీ కాదు. ఒక గెల్డింగ్‌ని, అంటే విత్తులు కొట్టించిన మగగుర్రాన్ని, నేను ఆ ప్రాంతంలోనే కొన్నాను. తర్వాత అక్కడే అమ్మాను. గుర్రాన్ని చూసే ముందు కాగితాలు చూడాలని నాకు మొదటి బేరంలోనే తెలిసింది.

క్వార్టర్ హార్స్ అనేది ఒక అమెరికన్ గుర్రపు జాతి, దాని రిజిస్ట్రేషన్ అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ చూస్తుంది. వాళ్ల రికార్డులో ఉన్న యజమాని, అమ్మే మనిషి ఒకరే అయ్యుండాలి. నేను మొదట చూసిన గుర్రం ఇద్దరి చేతులు మారినా, ట్రాన్స్‌ఫర్ ఒక్కసారీ జరగలేదు. అలాంటప్పుడు పాత యజమాని సంతకం నుంచి మొదలుపెట్టి ప్రతి చేతి మార్పుకీ కాగితం కావాలి. మధ్యలో ఒక్కరు దొరక్కపోయినా గుర్రం మీ పేరు మీదకి రాదు. దాన్ని వదిలేశాను. సర్టిఫికెట్‌లో రాసిన నుదుటి చుక్క, తెల్లకాళ్లు ఎదురుగా ఉన్న గుర్రంతో సరిపోయాయో లేదో కూడా చూసుకోండి.

నేను వచ్చేదాకా గుర్రాన్ని పచ్చికలోనే ఉంచమని ముందే చెప్పాను. అప్పటికే జీను కట్టి, రొమ్ము చెమటతో తడిగా ఉంటే దాని హుషారు తగ్గించడానికి ముందే పరిగెత్తించి ఉండొచ్చు. గట్టి నేల మీద ట్రాట్, అంటే దుడుకు నడక, చేయించి తల చూడాలి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలకి ఆనగానే తల పైకెత్తుతుంది, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. ఈ ఒక్కటి కంటికి అలవాటైతే సగం పరీక్ష అయినట్టే.

మిగతా సగం వెటర్నరీ డాక్టర్ పని. అమ్మేవాళ్ల గుర్రాలు చూసే డాక్టర్ వద్దు, వేరే మనిషిని పిలవండి. గుర్రం కాలి కీలుని నిమిషంపాటు మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే ట్రాట్ చేయిస్తారు. క్వార్టర్ హార్స్‌లలో డెక్క లోపలి నావిక్యులర్ ఎముక జబ్బు ఎక్కువ కాబట్టి ముందుకాళ్ల డెక్కలకి ఎక్స్‌రే తీయించాను. నొప్పి మందు ఇచ్చి కుంటుని కప్పిపుచ్చే వాళ్లుంటారు, అందుకే అదే రోజు రక్తం కూడా తీసి పెట్టించాను. జూలు వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి జన్యు పరీక్షకి పంపాం. ఇంప్రెసివ్ అనే స్టాలియన్ (విత్తు గుర్రం) సంతతిలో వచ్చే హెచ్‌వైపీపీ కండరాల జబ్బు ఈ పరీక్షలో తేలుతుంది. రెండు వైపుల నుంచీ ఆ జన్యువు వచ్చిన పిల్లల్ని 2007 నుంచి అసోసియేషన్ రిజిస్టర్ చేయడం లేదు.

ఇక కాగిన్స్ అనే రక్త పరీక్ష. అది పట్టుకునే ఇన్ఫెక్షియస్ అనీమియా అనే గుర్రాల అంటురోగానికి చికిత్స లేదు. టెక్సాస్‌లో గుర్రం చేతులు మారాలంటే 12 నెలల లోపు చేయించిన నెగెటివ్ రిపోర్టు ఉండాలి. ల్యాబ్ నుంచి రావడానికి రోజులు పడుతుంది, బేరం కుదిరాక మొదలుపెడితే ఆలస్యమే.

డబ్బిచ్చిన రోజున సంతకం చేసిన ట్రాన్స్‌ఫర్ రిపోర్టు, అసలు సర్టిఫికెట్, కాగిన్స్ కాగితం, గుర్రం రిజిస్టర్డ్ పేరు, నంబరు, ధర రాసిన బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు పత్రం), నాలుగూ చేతికి తీసుకున్నాను. ఒక్కటి తగ్గినా ట్రైలర్ తలుపు తీయొద్దు.

మేత లెక్కకి టేపు చాలు. ఛాతీ చుట్టుకొలతని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవుతో మళ్లీ గుణించి, 330తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. మావాడికి ఛాతీ 74 అంగుళాలు, పొడవు 66. అంటే దాదాపు 1,095 పౌండ్లు. అందులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు, రోజుకి 16 నుంచి 22 పౌండ్ల ఎండుగడ్డి. ఇక్కడ ఎక్కువగా దొరికే కోస్టల్ బెర్ముడా గడ్డి మరీ సన్నగా ఉంటే పేగులో ఉండకట్టి కడుపునొప్పి తెస్తుంది, నీళ్ల తొట్టి ఎండనివ్వకూడదు.

అమ్మేటప్పుడు ఒకరు చూడకుండానే ధరకి మించి చెక్కు పంపుతామని, మిగిలింది ట్రక్కు డ్రైవర్‌కి ఇమ్మని అన్నారు. ఆ చెక్కు దొంగది. చివరికి కొన్నవాళ్లతో కలిసి వాళ్ల బ్యాంకుకే వెళ్లి బ్యాంకే రాసిచ్చే క్యాషియర్ చెక్కు తీసుకున్నాను. ట్రాన్స్‌ఫర్ కాగితాలు నేనే అసోసియేషన్‌కి పంపి, ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకున్నాను. పది రోజులకి సరిపడా అలవాటైన గడ్డి, దాణా ట్రైలర్‌లో వేసి, కొత్త గడ్డి రోజూ కాస్త కాస్త కలుపుతూ మార్చమని చెప్పాను.