హజ్రత్ ఉమ్మె సలమా అడిగారు కదా

ఇవాళ సెలవు, పని తొందరగానే తెమిలింది, జుహర్ (మధ్యాహ్నం) నమాజ్ చదివి అలాగే జానమాజ్ (నమాజ్ చాప) మీద కూర్చుని ఖురాన్‌లో సూరా (అధ్యాయం) అహ్‌జాబ్ తీశా. 35వ ఆయత్ (వాక్యం) దగ్గర ఎప్పుడూ ఆగిపోతా. విశ్వసించే మగవాళ్ళు విశ్వసించే ఆడవాళ్ళు, సత్యం పలికే మగవాళ్ళు సత్యం పలికే ఆడవాళ్ళు, ఓర్చుకునేవాళ్ళు, దానం చేసేవాళ్ళు, ఉపవాసం ఉండేవాళ్ళు... ఇలా 10 గుణాలు చెప్పి, చివర్లో అందరికీ ఒకటే క్షమాపణ, ఒకటే గొప్ప ప్రతిఫలం. ఆడవాళ్ళకి కాస్త తక్కువ అని ఎక్కడా లేదు.

మగవాళ్ళ ప్రస్తావన వస్తున్నట్టు మా ప్రస్తావన ఎందుకు రావట్లేదని ప్రవక్త భార్య హజ్రత్ ఉమ్మె సలమా ఆయన్నే (స) నేరుగా అడిగితే ఈ ఆయత్ దిగిందని హదీసుల్లో ఉంది. ఎవరూ ఆవిడ నోరు మూయించలేదు! ప్రవక్త కాలంలోనే ఉన్న ఖౌలా బింత్ సాలబా కూడా అంతే, భర్త చేసిన అన్యాయం మీద ప్రవక్త దగ్గరికొచ్చి వాదించింది, ఆమె మాట అల్లాహ్ విన్నాడని 58వ సూరా మొదలయ్యేదే అలా.

అందుకే ఇప్పటి ఆడవాళ్ళు ఖురాన్‌కి వివరణ రాస్తే ఇదంతా వెస్ట్ నుంచి వచ్చిన ఫ్యాషన్ అని కొట్టిపారేస్తుంటే నాకు బాధా, కోపమూ రెండూ వస్తాయి. అలా వివరణ రాసిన పండితులు అమీనా వదూద్, అస్మా బర్లాస్ చేసింది ఖురాన్‌ని పక్కన పెట్టడం కాదు, ఒక ఆయత్‌ని విడిగా లాక్కోకుండా మొత్తం ఖురాన్‌తో కలిపి చదవడం. హవ్వా ఆదం పక్కటెముక నుంచి పుట్టిందని, ఆయన్ని తప్పుదారి పట్టించింది ఆవిడేనని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం, తీరా ఖురాన్‌లో చూస్తే ఆ పక్కటెముక మాటే లేదు, 7వ సూరాలో షైతాన్ ఇద్దర్నీ మోసం చేశాడు, క్షమించమని ఇద్దరూ కలిసే వేడుకున్నారు. మరి నింద ఒక్క ఆవిడ మీదే ఎందుకు పడింది?

నన్ను బాగా కదిలించింది మాత్రం వదూద్ గారి తౌహీద్ (దేవుడు ఒక్కడే అనే నమ్మకం) వాదన. అందరికంటే పైన ఉండేది అల్లాహ్ ఒక్కడే అని నమ్మాక, మగాడు ఆడదానికంటే పైన కూర్చుంటే ఆ చోటు ఎవరిది? ఇది విన్నాక సజ్దాలో తల ఆనించినప్పుడు నాకు ధైర్యంగా ఉంటోంది.

భార్యని కొట్టడం గురించిన మాట ఉందని చెప్పే సూరా నిసా 34వ ఆయత్ దగ్గర మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. వదూద్ గారే 1992 నాటి పుస్తకంలో దాన్ని ఒకలా వివరించి, 2006 పుస్తకంలో ఆ ఆయత్‌ని దాటే దారి తనకి దొరకలేదని రాశారు. ఆ నిజాయితీ చూసి ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది. సాయంత్రం చెల్లి ఫోన్ చేస్తే ఇదే చెప్పా, రంజాన్‌లో ఇద్దరం కలిసి సూరా నిసా మొదట్నుంచీ చదువుదామంది, పాతకాలపు పండితుడు తబరీ రాసిన తఫ్సీర్ (ఖురాన్ వివరణ) ఒకపక్క, వదూద్ గారి పుస్తకం ఒకపక్క పెట్టుకుని.